తోమిన అట్లపెనం

నేను ఒక అట్లపెనాన్ని. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అని మనుషులు సామెత చెప్పుకుంటారు. బతుకంతా పొయ్యి మీదే గడిపే పెనం సంగతి మాత్రం ఏ సామెతా పట్టించుకోదు. ఒళ్లు అలిసిపోయింది బాబూ.

కమ్మరి కొలిమిలో సమ్మెట దెబ్బలు తిని పుట్టాను. దెబ్బలు పడితేనే ఆకారం వస్తుందని మనుషులకు గట్టి నమ్మకం. అది ఇనుము విషయంలో నిజమే.

విజయనగరం సంతలో నన్ను కొన్న పైడమ్మ, బస్టాండు పక్కన టిఫిన్ బడ్డీ నడిపేది. రోజూ నూనె తాగి తాగి నా ఒంటి మీద నల్లటి పొర కట్టింది. అది ఉంటేనే అట్టు అంటుకోకుండా లేస్తుంది. చూసేవాళ్లకు మాత్రం అది మురికి.

కొత్త కోడలు సుగుణకూ అలాగే తోచింది. అత్త మెచ్చుకుంటుందని ఇటుక పొడితో తళతళలాడేలా తోమింది. తెల్లారి ఒక్క అట్టూ లేవలేదు. పైడమ్మ కాలుతున్న అట్లకాడతో ఆమె మణికట్టు మీద ఒక్కటి వేసింది. అప్పటినుంచి సుగుణ అట్టు వేసినప్పుడల్లా నా వంక కాదు, అత్త ముఖం వంక చూసేది. ఎన్ని మాడ్చిందో!

పైడమ్మ పోయాక బడ్డీ సుగుణదయింది. ఒక సాయంత్రం ఆమె కూతురు లాస్య, అమ్మకు సాయం చేద్దామని, సబ్బూ ఇనుప పీచూ పెట్టి నన్ను తోమేసింది. తల్లికి తగ్గ కూతురే!

తెల్లారి టిఫిన్‌కొచ్చిన బేరాలు నిలబడి ఉన్నాయి. అట్టు ముక్కలు ముక్కలయింది.

"పెనం ఎవులు తోమినారే?"

"నానే అమ్మా. నల్లగా ఉందని..."

అట్లకాడ పైకి లేచింది. నాకు భయం వేసింది. లాస్య చేతులు వెనక దాచుకుంది. సుగుణ ఆ దాచుకున్న చేతుల వంకే చూసి, అట్లకాడ దించింది.

"ఈయేళ అట్లు నేవు, ఇడ్లీ తినండి," అంది బేరాలతో. కొందరు గొణుక్కుంటూ ఎదుటి బడ్డీకి పోయారు. సుగుణ ముఖం చిన్నబోయింది.

"నువ్వే బాగు సెయ్యమ్మా," అంది పిల్ల ఏడుస్తూ.

"నువ్వు పోగొట్టినావు, నువ్వే తెచ్చుకో. నాను పక్కనే ఉంటాను." సుగుణ ఉల్లిపాయ కోసి ఒక చెక్క దాని చేతిలో పెట్టింది.

ఇక మొదలయ్యాయి నా పాట్లు. నూనె రాయడం, కాల్చడం, అంటుకోవడం, గీకడం. చిరిగిన అట్లన్నీ సుగుణ చట్నీ నంచుకుని కిక్కురుమనకుండా తినేది. చివరికి ఒకనాడు అట్టు అంచు దానంతటదే లేచింది. అప్పుడు లాస్య అమ్మ ముఖం చూడలేదు, నన్నే చూసింది. ఇన్నేళ్ల అలసటలో నాకు సుఖం తెలిసింది ఆ క్షణమే.

"నువ్వెప్పుడన్నా తప్పు సేసినావా అమ్మా?"

సుగుణ గాజులు పైకి తోసి మణికట్టు మీది మచ్చ చూపింది. "సేసినాను."

"ఏటి సేసినావు?"

సుగుణ ఆ మచ్చను వేలితో తడుముకుంది. "గుర్తు నేదే. దెబ్బే గుర్తుంది."

నాకు గుర్తుంది. కానీ పెనాన్ని ఎవరడుగుతారు? లాస్య నా మీద నూనె చుక్క వేసి, ఉల్లిపాయ చెక్కతో మెల్లగా రాసింది.