మంచుపలకలు

"నీ ఆఫీసు మంచు మళ్ళీ దిగిందే! ఇంక నా బఠాణీలు నెత్తిన పెట్టుకోనా?" అంది అత్తయ్య, ఫ్రీజర్ తలుపు పట్టుకుని.

నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాను. "పొద్దున్నే తీసేస్తాను అత్తయ్యా" అన్నాను, ఎప్పుడూ అనేదే.

మంచంటే నీలంరంగు ప్లాస్టిక్ పలకలు. రాత్రంతా గడ్డకట్టించి, పొద్దున డబ్బాలో సర్దుకుని బయల్దేరతాను. ఫ్యాక్టరీలు కాలవలోకి వదిలే నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకి పంపడం నా ఉద్యోగం. ల్యాబ్‌కి చేరేదాకా ఆ నీళ్ళు చల్లగా ఉండాలి, లేకపోతే ఫలితం తారుమారవుతుంది. ఆఫీసు ఫ్రిజ్ చచ్చి చాలాకాలమైంది. బాగుచేయించమంటే పెద్దాఫీసరు, "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా అమ్మా" అన్నాడు. మగ ఇన్‌స్పెక్టర్లందరూ చెరువు పక్కన గుడిసెలేసుకుని బతుకుతున్నట్టు! వాళ్ళ ఇళ్ళల్లోనూ ఫ్రిజ్‌లున్నాయి, కాకపోతే వాటి తలుపు తెరిచేది వాళ్ళు కాదు. అందుకని అందరి పలకలూ నా సంచిలోకే చేరాయి. సంచి బరువుకి బస్సులో భుజం పీకేది. ఇంటికొస్తే అది ఆఫీసు చెత్త, ఆఫీసుకెళ్తే ఇంటావిడ చేసే చిన్న సాయం. ఎక్కడా అది పని కాదు.

"నీ మంచు సంగతి సరే" అంది అత్తయ్య, బఠాణీల సంచిని ఒక మూలకి కుక్కుతూ. "ఈ పలకలు పెట్టిన రోజే మావాడు స్థిమితంగా తినడు. కంచం ముందు కూర్చుంటాడో లేదో, ఫోను పట్టుకుని వరండాలోకి పోతాడు. వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది. మళ్ళీ నువ్వు వేడిచెయ్యడం. ఆ ఫోనేదో ముందే ఏడవచ్చుగా."

"ఏ రోజు అత్తయ్యా?"

"ఇవి పెట్టిన రోజు. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

పాపం, ఆవిడ బాధంతా కొడుకు చల్లటి అన్నం గురించి. నా చేతిలో పీచు మాత్రం ఆగిపోయింది. చెప్పాపెట్టకుండా వెళ్ళాలన్నది మా పనిలో మొదటి నియమం. ఎక్కడికి వెళ్తున్నానో మా ఆయనకి ఒక్కసారి కూడా చెప్పలేదు. నోరు కట్టుకుంటే చాలనుకున్నాను. ఫ్రీజర్‌కి నోరుంటుందని తట్టనేలేదు.

కాలవ గట్టున బట్టలకి రంగులద్దే కార్ఖానా ఒకటుంది. దాని యజమాని మా ఆయనకి బళ్ళో స్నేహితుడు. మేం రంగులాయన అంటాం. సెలవురోజు మా ఇంటికొచ్చి కడుపునిండా తిని, "చెల్లెమ్మ చేతిలో ఏదో ఉంది" అని వెళ్తాడు. చేతిలో గరిటె ఉంటుంది, ఇంకేముంటుంది. ఆ కార్ఖానా తనిఖీ వేరేవాళ్ళకి ఇమ్మని మొదట్లోనే అడిగాను. "మీ స్నేహితుడు కాదుగా, మీ ఆయన స్నేహితుడేగా" అని నవ్వాడు పెద్దాఫీసరు. అక్కడ ఎప్పుడు పట్టినా నీళ్ళు తేటగా ఉండేవి. ఒకసారి మా ఇంట్లోనే, పెరుగు వడ్డిస్తుంటే రంగులాయన అన్నాడు: "మా చెల్లెమ్మ వస్తోందంటే నీళ్ళు కూడా తల దువ్వుకుని కూర్చుంటాయిరా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పైగా ఇంకో గరిటె వేశాను. దిగువన నారుమొక్కలు పెంచి అమ్ముకునే ఆవిడ మాత్రం నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. "మీరొచ్చినప్పుడే బాగుంటుందమ్మా. మీరటు వెళ్ళగానే ఇటు ఎర్రగా వస్తుంది. నా మొక్కలు మాడిపోతున్నాయి" అనేది. ఆఫీసులో నేను వెళ్తే టీ కప్పుల దగ్గర మాటలు ఆగిపోయేవి. ఆ కార్ఖానా మీద నాకెంత ముడుతోందని వాళ్ళ లెక్కలు వాళ్ళవి. ఇప్పుడు దాని లైసెన్సు గడువు తీరబోతోంది. నేను రాసే రిపోర్టు చూసి మళ్ళీ ఏళ్ళతరబడి అనుమతి ఇస్తారు. కింద ఉండేది నా సంతకం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కళ్ళప్పగించి కూర్చున్నాను. మా ఆయన చల్లనీళ్ళ కోసం లేచాడు. ఫ్రిజ్ కింది తలుపు తీశాడు, పై తలుపూ తీశాడు. నీళ్ళు పై అరలో ఉండవు. తిరిగొచ్చి రెండు ముద్దలు కలిపాడో లేదో, ఎడంచేత్తో ఫోను తీసి వరండాలోకి నడిచాడు. "ఆ... రేపే అయ్యుండొచ్చు. చూసుకో మరి" అన్నమాట కిటికీలోంచి స్పష్టంగా వినబడింది. ఇక చాలు కదా. మంచినీళ్ళ గొట్టం తిప్పి, రంగు తొట్లు ఒక్కపూట మూసుకుంటే కాలవ తల దువ్వుకుంటుంది.

అప్పుడు నేనేం చేశాను? కంచం తీసుకెళ్ళి పొయ్యి మీద అన్నం వేడిచేశాను. చేతులు వాటంతటవే చేసేశాయి. నా మీద నాకు ఎంత రోతపుట్టిందో చెప్పలేను. నన్ను అమ్మే ఫోను ఆయన మాట్లాడుకోవడానికి, వెనకాల వేడన్నం పెట్టి మరీ సాగనంపుతున్నాను ఇన్నాళ్ళూ. అడిగేద్దామా? అడిగితే నవ్వేస్తాడు, నీకు అనుమానం ఎక్కువంటాడు, అత్తయ్య మధ్యలో వస్తుంది, ఆఖరికి క్షమించమని నేనే అంటాను. ఆ దారి నాకు బాగా తెలుసు. పక్క మీద అటూ ఇటూ దొర్లాను. పక్కన ఆయన హాయిగా గురకపెడుతున్నాడు.

మర్నాడు తనిఖీకి వెళ్ళలేదు, పలకలు ఇంటికి తేవడమూ మానేశాను. తర్వాత కొన్నాళ్ళు ఫ్రీజర్ నిండా బఠాణీలే ఉన్నాయి, అత్తయ్య మొహం కళకళలాడింది. ఒకరోజు పొద్దున మామూలుగా టిఫిన్ డబ్బా సర్దుకుని, బజార్లో చేపలమ్మే ఆవిడ దగ్గర ఆగి మంచుముక్కలు అడిగాను.

"చేపలు లేకుండా మంచెందుకమ్మా?"

"పట్టడానికే వెళ్తున్నాను" అన్నాను.

కాలవ గట్టున గొట్టంలోంచి బీట్‌రూట్ రంగు నీళ్ళు, పొగలు కక్కుతూ, పైన నురగ కట్టి దూకుతున్నాయి. సీసా ఆ నీళ్ళతోనే కడిగి నింపాను, మూత బిగించాను, మంచులో కూర్చోబెట్టాను. వేళ్ళు ఎర్రబడ్డాయి.

రంగులాయన చెప్పులు తారుమారుగా వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇదేంటి చెల్లెమ్మా! ఒక ఫోను చేసి రావచ్చుగా!"

"మీకు ఫోను రాలేదా అన్నయ్యా?" అన్నాను.

నేను సరాసరి ల్యాబ్‌కి వెళ్ళి సీసా ఇచ్చి, అట్నుంచి ఆఫీసుకి వెళ్ళి రిపోర్టు రాసిచ్చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన మొహం మాడిపోయి ఉంది. కబురు చేరిందన్నమాట. కంచం ముందు కూర్చుని కూడా అన్నం కెలుకుతున్నాడు. "అన్నయ్యా అని పిలిచినవాడి కడుపు మీద కొడతావా? మొన్నటిదాకా బాగానే ఉన్నావుగా!"

"మొన్నటిదాకా మీరు ఫోను చేశారు కాబట్టి."

అత్తయ్య గరిటె పట్టుకుని ఇద్దరి వైపూ చూసింది.

"చేస్తే ఏమైంది? స్నేహితుడికి మాటసాయం" అన్నాడు. గొంతు తగ్గింది. "సర్లే, ఏం రాశావు రిపోర్టులో?"

"చూసింది రాశాను. పాతవి నమ్మొద్దనీ రాశాను. ముందే కబురెళ్ళేది కాబట్టి."

"ఎవరు పంపారని రాశావు?"

"మా ఇంట్లోంచి వెళ్ళిందని. ఫోను చేసింది మా ఆయనని."

"మతి పోయిందా? ముందు నీ ఉద్యోగం పోతుంది!"

"పోవచ్చు" అన్నాను. ఎన్నాళ్ళకో కుర్చీ లాక్కుని, ఆయనతోపాటే నేనూ కూర్చుని, నా కంచంలో వడ్డించుకున్నాను.

బల్ల మీద ఆయన ఫోను మోగింది. రంగులాయన. మా ఆయన ఫోను వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. అది మోగుతూనే ఉంది.

"వెళ్ళి మాట్లాడుకోండి" అన్నాను ముద్ద కలుపుకుంటూ. "అన్నం చల్లారితే మాత్రం నేను లేవను."