వెంట్రుకంత ఎడమకి

గురి తప్పిన ప్రతివాడి దగ్గరా ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. బల్ల బాగోలేదంటాడు, కర్ర వంగిందంటాడు, కొట్టబోతుంటే పక్కన ఎవరో దగ్గారంటాడు. మొన్నటికి మొన్న ఒక కాంట్రాక్టరు గారు ఏసీ గాలికి బంతి పక్కకి పోతోందని గంటసేపు వాదించారు. ఆ బంతి బరువెంత, ఆ గాలి బలమెంత! ఇలాంటివన్నీ ఓపిగ్గా విని, అసలు తప్పెక్కడుందో కనిపెట్టి చెప్పడమే ఆమె పని. ఆ పూల్ హాల్లో అందరూ ఆమెని వంకలక్క అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె కూడా పలుకుతుంది.

ఆమె పద్ధతి ఒకటే. తెల్ల బంతిని బల్ల ఈ చివర పెట్టి, తిన్నగా అవతలి అంచుకి కొట్టమంటుంది. అది తగిలి వెనక్కొచ్చి, కొట్టిన కర్ర మొననే తాకాలి. తాకలేదంటే ఇక బంతిని వదిలేసి మనిషిని చూస్తుంది. ఒకడు కొట్టీకొట్టకముందే తలెత్తుతాడు, ఎక్కడికి పోతోందో చూడాలని ఆత్రం. ఇంకొకడి మోచెయ్యి బయటికి తిరుగుతుంది. మరొకడు ఎడమ కంటితో గురి చూసే మనిషై ఉండి, కర్రని తీసుకెళ్ళి కుడి కంటి కింద పెట్టుకుంటాడు. నూటికి తొంభై పాళ్ళు తప్పు మనిషిలోనే ఉంటుందని ఆమె అందరికీ చెబుతుంది. మిగతా పది పాళ్ళ ఊసెత్తదు. ఆ పది పాళ్ళే ఆమెకి అన్నయ్యని లేకుండా చేశాయి.

వాళ్ళ నాన్న దర్జీ. కొట్టు వెనక ఇరుకు గదిలో, మూతపడిన ఏదో క్లబ్బు నుంచి కొన్న పాత బల్ల ఉండేది. చోటు లేక ఒక చివరని గోడకి ఆనించేశారు కాబట్టి పొడుగు దెబ్బలన్నీ ఇవతలి చివర నుంచే కొట్టాలి. అన్నాచెల్లెళ్ళిద్దరూ గుడ్డముక్కల మధ్య అక్కడే ఆట నేర్చుకున్నారు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే నాన్న పాఠం చెప్పేవాడు. నెమ్మదిగా కొట్టేటప్పుడు వెంట్రుకంత ఎడమకి చూడండి అనేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అలా కొడితే బంతి పోయి పాకెట్లో పడేది మరి!

అన్నయ్యది బంగారంలాంటి చెయ్యి. పంతొమ్మిదేళ్ళకే పెద్ద పోటీలో ఆఖరి ఆటదాకా వెళ్ళాడు. చివరికి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. కళ్ళు మూసుకుని వెయ్యగలిగిన దెబ్బ. అన్నయ్య కళ్ళు తెరుచుకునే, నెమ్మదిగా, శ్రద్ధగా కొట్టాడు. బంతి ఎడమ అంచుకి తగిలి పాకెట్ బయటే ఆగిపోయింది. ఈ బల్లలో ఏదో తేడా ఉంది నాన్నా అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే," అన్నాడు నాన్న, అందరూ వింటుండగా. "బల్ల కాదురా, నీ చెయ్యే వంకర."

అన్నయ్య కర్రని గోడకి ఆనించి బయటికి వెళ్ళాడు. మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడనుకున్నారు. అంతే, మళ్ళీ ఇంటి మొహం చూడలేదు.

నాన్న పోయాక బల్ల అమ్మేశారు. విప్పడానికొచ్చిన మేస్త్రీ పైగుడ్డ ఊడదీసి, కింది రాతిపలక మీద రసమట్టం పెట్టాడు. బుడగ ఒక పక్కకి పరిగెత్తింది. గదిలో ఒక మూల నేల కుంగి, బల్ల ఎన్నాళ్ళ నుంచో కుడికి వాలి ఉంది. గట్టిగా కొట్టిన బంతి ఆ వాలుని లెక్కచెయ్యదు. నెమ్మదిగా వెళ్ళే బంతిని మాత్రం వాలు కుడికి లాగేస్తుంది. అందుకే నాన్న వెంట్రుకంత ఎడమకి చూడమన్నాడు. అదే దెబ్బ సమంగా ఉన్న బల్ల మీద కొడితే ఎడమకి కాక ఇంకెక్కడికి పోతుంది! మద్దెల నిజంగానే ఓడు. కాకపోతే ఆ ఓటి మద్దెల వాళ్ళింట్లోదే.

అప్పటినుంచీ ఆమె గుండెలో ఒకటే మాట. తప్పు నీ చేతిది కాదన్నయ్యా అని ఒక్కసారి చెప్పాలి. ఎక్కడున్నాడో తెలిస్తే కదా! అడగని చుట్టం లేడు. బస్సులో ముందు సీట్లో అన్నయ్య మెడలాంటి మెడ కనిపిస్తే, దిగాల్సిన చోట దిగకుండా కూర్చునేది. ఆ మెడ ఇటు తిరిగేది, పరాయి మొహం. ఈలోపు తన చేతికి పట్టిన ఎడమని వదిలించుకోవడానికే ఆమెకి ఏళ్ళు పట్టింది. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ చివరికి లోకానికే వంకలక్క అయి కూర్చుంది.

ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. వచ్చే వారం పోటీ ఉందట, తేలిక దెబ్బలే తప్పిపోతున్నాయట. వంకలక్క మామూలుగానే మొదలుపెట్టింది. కర్రని బల్ల మీద దొర్లించి చూసింది, తిన్నగానే ఉంది. తల కదలట్లేదు, మోచెయ్యి కుదురుగా ఉంది, కన్ను సరిగ్గానే ఉంది. గట్టిగా కొట్టమంటే బంతి గీత గీసినట్టు వెళ్ళి వచ్చింది. మరి రోగమేమిటమ్మా అనుకుంటూ, నెమ్మదిగా కొట్టమంది.

బంతి ఎడమకి పోయింది. ఇంకోసారి కొట్టమంది. మళ్ళీ ఎడమకే, మళ్ళీ అంతే దూరం.

వంకలక్క అనుమానం తీరక తన రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టింది. బుడగ నడిమధ్యన బుద్ధిగా నిలబడింది.

"నీకు ఆట ఎవరు నేర్పారమ్మా?"

"మా నాన్న," అంది ఆ పిల్ల. "ఆయన మాత్రం కర్ర ముట్టుకోరు. పక్కన నిలబడి చెబుతారంతే. నెమ్మదిగా కొట్టేటప్పుడు వెంట్రుకంత ఎడమకి చూడమని చిన్నప్పటినుంచీ అదే మాట."

నాన్నెక్కడున్నారని ఆమె అడిగింది. ఆ పిల్ల కిటికీలోంచి చూపించింది. ఎదురుగా మూసి ఉన్న కొట్టు మెట్ల మీద ఉన్నారట. ఇలాంటి హాళ్ళలోకి రావడం ఆయనకి ఇష్టముండదట.

వంకలక్క చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది. మెట్ల మీద నెరిసిన జుట్టు మనిషి తలెత్తి చూశాడు.

"బుడ్డీ," అన్నాడు.

ఆ పేరుతో పిలిచే మనిషి ప్రపంచంలో ఒక్కడే. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట ఆమె గబగబా అప్పజెప్పేసింది. తప్పు నీ చేతిది కాదంది. బల్లే వాలి ఉందంది, మేస్త్రీ వచ్చినప్పుడు బయటపడిందంది.

"తెలుసే," అన్నాడు అన్నయ్య.

తలుపులు, కిటికీలు బిగించే పనిలో కుదిరాడట. రోజంతా రసమట్టం పట్టుకు తిరిగేవాడికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా! కానీ అర్థమయ్యేసరికి నాన్న పోయాడన్న కబురు కూడా చేరింది. ఆఖరిచూపుకైనా రానివాణ్ణి, ఇక ఏ మొహం పెట్టుకుని గుమ్మం ఎక్కాలి అనుకున్నాడట.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బస్సుల్లో మెడలు వెతికిన ఏళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"తెలిసీ పిల్లకి అదే నేర్పావా? దాని ఆట గంగలో కలిపేవాడివి కదా!"

"నాన్న దగ్గర్నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటేనే. పిల్లకి తాతదంటూ ఏదో ఒకటి ఉండాలనిపించింది. ఇప్పుడు అది దానికి అడ్డం పడుతోంది, అందుకే తీసుకొచ్చాను. వంకలక్కంటే నువ్వేనని విన్నాను. నువ్వైతే దెబ్బ చూడగానే పోల్చుకుంటావని తెలుసు."

ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. అన్నయ్య అరచేతులు చూసుకున్నాడు.

"నాన్నకి తెలిసిందా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. తెలిసిందని, నిన్ను తలుచుకుని ఏడ్చాడని ఒక్క అబద్ధం ఆడితే పోయేదేముంది అనుకుంది. నాలుక తిరగలేదు.

"లేదన్నయ్యా. బల్ల విప్పేసరికి నాన్న లేడు. నీదే తప్పనుకుంటూ పోయాడు."

అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. చాలా ఏళ్ళ భయం ఏదో తీరినట్టు అతని మొహం తేలికపడింది.

"పోనీలే, అదే మంచిదైంది," అన్నాడు. "తెలిసుంటే తట్టుకునేవాడు కాదు."

అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపు. నడిరోడ్డు పక్కన, పట్టపగలు, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, అన్నయ్య భుజం పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.