పోలిక ఇల్లు

"పోయిన నెలలో పెద్దమ్మాయికి తలనొప్పి ఎన్నిసార్లు వచ్చిందక్కా? ఎప్పుడూ, అప్పుడప్పుడు..."

"అప్పుడప్పుడు," అంది పెద్దమ్మాయి, మూడో జవాబు వినకుండానే.

"నిన్నడిగారా? చేతిలో పని చూసుకో," అంది తల్లి. పిల్ల తల వంచుకుంది గానీ పెదాల మీద నవ్వు పోలేదు. ఆ ప్రశ్నలు దానికి కంఠతా వచ్చు. ఆరు నెలలకోసారి వినీ వినీ, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని "నీకు ఆకలి ఎన్నిసార్లు వేస్తుంది? ఎప్పుడూ, అప్పుడప్పుడు, అసలు వెయ్యదు?" అని ఆట ఆడుతుందట. తమ్ముడు ఏం చెప్పినా "అప్పుడప్పుడు" అనే రాసుకుంటుందట.

రేకుల కప్పు కింద ఆ ఒంటిగది మధ్యాహ్నానికే కాగిపోయింది. జిగురు డబ్బా మూత తీసి ఉంది. కొత్తవాళ్ళకైతే ఆ ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. పదకొండేళ్ళ ఆ పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని, చెప్పు లోపల వేసే అట్టకు కుంచెతో జిగురు రాసి, పైన రెక్సిన్ ముక్క అతికించి, బొటనవేళ్ళతో అంచులు నొక్కి పక్కన పెడుతోంది. ఒకటి కింద పెట్టేలోపే ఇంకోటి చేతిలో ఉంటోంది. మధ్యమధ్యలో వేళ్ళకు పట్టిన జిగురు పొరను ఒలుచుకుంటోంది. దాంతోపాటు కాస్త చర్మమూ వస్తుంది. దానికి అలవాటే.

ప్రశ్నలడిగే ఆమె అసలు పేరు ఆ సందులో ఎవరికీ పట్టదు. ప్రశ్నలమ్మ అంటారు. చంకలో సంచీ, చేతిలో ట్యాబూ కనిపిస్తే చాలు, "అదిగో ప్రశ్నలమ్మ వస్తోంది, ఇల్లు కాస్త సర్దండి" అని ఇంటింటికీ కబురు పోతుంది. సర్దడానికి ఆ ఇళ్ళలో ఏముందని అడక్కండి.

ఎక్కడో సముద్రాల అవతలి ప్రభుత్వం ఒకటి ఈ ఊరి పిల్లలు పని మానాలని డబ్బిచ్చింది. మంచి పనే, కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? పిల్లని పని మాన్పించి బడికి పంపిన తల్లికి నెలకింతని ఇస్తారు. బడిలో ఒకపూట భోజనం పెడతారు, పుస్తకాలూ వాళ్ళే ఇస్తారు. కాకపోతే డబ్బిచ్చినవాళ్ళకు ఒక సందేహం వచ్చింది. పిల్లలు పని మానింది మా డబ్బు వల్లేనా, లేక వాళ్ళంతట వాళ్ళే మానేవాళ్ళా? అది తేలాలంటే డబ్బు అందని పిల్లలూ కొంతమంది ఉండాలి. ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉండాలి. అందుకని సందులన్నిటికీ చీట్లు రాసి తీశారు. రోడ్డుకు అటుపక్క సందులకు పథకం వచ్చింది. ఇటుపక్క సందులకు ప్రశ్నలమ్మ వచ్చింది.

ఇటుపక్కవాటిని పోలిక ఇళ్ళంటారు. జవాబులు చెప్పినందుకు వచ్చినప్పుడల్లా ఇంటికో ప్లాస్టిక్ బక్కెట్టు ఇస్తారు. అటువాళ్ళకు బడీ, ఇటువాళ్ళకు బక్కెట్టూ. ఈ ఇంట్లో నాలుగున్నాయి, గుమ్మం దగ్గర అయిదోది.

ఈసారి ప్రశ్నలమ్మ వెంట ఆ ప్రభుత్వం పంపిన పరిశీలకుడు వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. తల్లి ముక్కాలిపీట చూపించినా వద్దని నేలమీదే కూర్చున్నాడు. ఘాటుకు కళ్ళు ఎర్రబడ్డా ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోలేదు. మంచివాడే. అతను చెడ్డవాడై ఉంటే ప్రశ్నలమ్మకు సుఖంగా ఉండేది, ఓ తిట్టు తిట్టుకుని పని చేసుకునేది. పొద్దున కారులో అతను తన కాగితాలు చూపించి ఎంత సంబరపడ్డాడో! "తేడా చాలా స్పష్టంగా ఉంది. పథకం కొనసాగాలని మా వాళ్ళను ఒప్పించడానికి ఇది చాలు," అన్నాడు. ఆమె కూడా తల ఊపింది. ఊపాక గానీ గుర్తురాలేదు, ఆ తేడాలో సగం అటుపక్క పిల్లలు పని తగ్గించినందువల్ల వచ్చిందని, మిగతా సగం ఇటుపక్క పిల్లలు ఎక్కువ చేస్తున్నందువల్లనని.

ఇప్పుడతను పిల్ల పక్కనున్న అట్టల మూటల్ని చూశాడు. "పోయినసారి మీరు రాసినదాని కన్నా ఇక్కడ పని పెరిగినట్టుంది. ఎందుకో అడుగుతారా?" అన్నాడు.

ఆమె ఆ మాట తల్లికి తమ భాషలో చెప్పింది.

తల్లి నవ్వింది. "అదీ అడగాలా? అటువైపు పిల్లలు మానేశారుగా. మరి దుకాణంవాడు చెప్పులమ్మడం మానేస్తాడా? అటు వేసే మూటలు తెచ్చి ఇటు వేస్తున్నాడు. పోయినసారి నువ్వొచ్చినప్పుడు రోజుకి రెండు మూటలు, ఇప్పుడు నాలుగు. అన్నీ తీసుకుంటే తీసుకో, లేకపోతే అసలు వెయ్యనంటాడు. మూటకి ఇరవై అప్పుడూ ఇరవయ్యే, ఇప్పుడూ ఇరవయ్యే."

ఒక్క ముక్క పోకుండా ఆమె అతనికి చెప్పింది. రాసుకుంటున్న అతని చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు పిల్ల వేళ్ళ వంక చూశాడు. బాధపడ్డాడు, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఇది ముఖ్యమైన విషయమే. కానీ మనం తేల్చాల్సిన ప్రశ్నలో ఇది లేదు. తర్వాతి అధ్యయనంలో చూడమని సూచిస్తాను."

"ఏమంటున్నాడు?" అంది తల్లి.

"రాసుకుంటానంటున్నారు," అంది ప్రశ్నలమ్మ. ఆ మాట అనేసరికి తన మీద తనకే రోత పుట్టింది.

ఈ ఇళ్ళు తిరిగితే ఇంటికింతని లెక్కకట్టి ఇస్తారు. ఆ డబ్బుతోనే ఆమె తన కూతురి బడి ఫీజు కడుతోంది. దానికీ పదకొండేళ్ళే. పొద్దున జడలు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ వేశావని అలిగి, సగం టిఫినే తిని పోయింది. ఈ పిల్ల ముందు కూర్చున్నప్పుడల్లా ఆ పిల్ల గుర్తొస్తుంది. ఇంటికెళ్ళి ఆ పిల్ల ముందు కూర్చుంటే ఈ పిల్ల గుర్తొస్తుంది. రెండు చోట్లా అన్నం సహించదు.

తల్లి కుంచె పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని ముందుకు జరిగింది.

"చెల్లీ, ఎలాగూ పెద్దాయన వచ్చాడు. ఒక్క మాట అడిగి పెట్టు. మా వంతు ఎప్పుడట?"

ప్రశ్నలమ్మ చూపు ట్యాబ్ మీదికి తిప్పుకుంది.

ఆ మాట తల్లి నోట పుట్టింది కాదు. రెండేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఈ సందులో ఒక్కరూ తలుపు తియ్యలేదు. అటువాళ్ళకిచ్చి మమ్మల్ని ఊరికే ప్రశ్నలడుగుతావా, పొమ్మన్నారు. ఇళ్ళు పూర్తికాకపోతే డబ్బు రాదు. అప్పుడు ఈ గుమ్మంలోనే నిలబడి, "ముందు అటు, తర్వాత మీకూ వస్తుందిలే అక్కా," అంది. ఎవరూ అనమని చెప్పలేదు. అనొద్దనీ చెప్పలేదు. ఆమెలాంటి వాళ్ళందరూ ఏదో ఒకటి అని తలుపులు తీయించుకున్నవాళ్ళే. అని ఊరుకున్నా బాగుండేది. పోయిన ఏడాది తల్లికి తోడబుట్టినవాడొకడు, వేరే ఊళ్ళో టైర్ల కొట్లో పనిచేసేవాడు, వచ్చి "పిల్లని నాతో పంపక్కా, నా పిల్లలతో పాటు బడికెళ్తుంది, నేను చూసుకుంటా" అన్నాడు. ఆ తల్లి పంపలేదు. "ఇక్కడే బడి వస్తుందంటరా, ప్రశ్నలమ్మ చెప్పింది, ఆడపిల్లని అంత దూరం ఎందుకు?" అంది. ఈ సంగతి పోయినసారి వచ్చినప్పుడు ఆమే నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు ఆ తమ్ముడికి కొట్లో పని పోయిందట. పెళ్ళాం పిల్లల్ని అత్తారింట్లో వదిలి ఎక్కడో గోడౌన్లో పడుకుంటున్నాడట.

పోయినసారి ఆ బడి సంగతి విన్నరోజే ప్రశ్నలమ్మ పథకం ఆఫీసుకు వెళ్ళి బతిమాలింది. అటు బడిలో రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఒక్క పిల్లని చేర్చుకోండి అంది. ఆఫీసరు పాపం విసుక్కోలేదు కూడా. కుర్చీ చూపించి ఓపిగ్గా నచ్చజెప్పాడు. ఇవాళ ఒక పిల్ల, రేపు పది మంది, అప్పుడు పోలికకు ఎవరు మిగులుతారు? పోలిక లేకపోతే పథకమే నిలబడదు, అప్పుడు అటు పిల్లలూ మళ్ళీ జిగురు డబ్బా దగ్గరికే వస్తారు కదమ్మా అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది.

"అడగవేం?" అంది తల్లి.

పరిశీలకుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. భాష రాదు గదా. ఇంకోసారి "వస్తుందిలే అక్కా" అనేస్తే ఎవరికీ తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"రాదక్కా," అంది ప్రశ్నలమ్మ.

"ఈ ఏడు రాదా?"

"ఏ ఏడూ రాదు. మీకు రాకూడదు. వస్తే అటు పిల్లలకీ ఇటు పిల్లలకీ తేడా ఎంతో తెలీదట. ఆ తేడా చూసుకోవడానికే మిమ్మల్ని పెట్టుకున్నారు. చీట్లు తీసిన రోజునే నాకు తెలుసు. తెలిసే వస్తుందని చెప్పాను."

చెప్పి తల దించుకుంది. తిడుతుందనుకుంది. ఆ క్షణాన ఆ తల్లి జుట్టు పట్టుకుని నాలుగు తగిలించినా హాయిగా ఉండేది.

తల్లి తిట్టలేదు. చేతిలో ఉన్న రెక్సిన్ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "మా తమ్ముడు గుమ్మం దాకా వచ్చి అడిగాడు," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "బస్సు టిక్కెట్టు కూడా దానికి కలిపి రెండు తీసుకొచ్చాడు వెధవ." తర్వాత ఆ ముక్కను కింద పెట్టేసింది. పిల్ల మాత్రం కుంచె ఆపలేదు. విన్నదో లేదో తెలియదు. మొహం కనపడకుండా ఇంకాస్త వంగి కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు పరిశీలకుడు.

"పథకం వీళ్ళకు రాదని చెప్పాను సార్."

అతను ఇబ్బందిగా కదిలాడు. అలా చెప్పకూడదనీ అనలేదు, బాగా చేశావనీ అనలేదు. "మిగతావి త్వరగా ముగించి, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోదాం," అన్నాడు.

"ఇంకా ఎన్నున్నాయి నీ ప్రశ్నలు?" అంది తల్లి.

"వద్దులే అక్కా, నేను..."

"ఎన్నున్నాయో చెప్పు."

"మూడు."

"అడుగు."

ఆ మూడూ అసలైనవి. అంతదూరం నుంచి అతను విమానం ఎక్కి వచ్చింది వాటికోసమే. ప్రశ్నలమ్మ ట్యాబ్ వంక చూస్తూ చదివింది. "నిన్న మీ పెద్దమ్మాయి ఎన్ని గంటలు పనిచేసింది?"

"నా కూతురు పని చెయ్యదు."

పిల్ల కుంచె టక్కున ఆగింది.

ప్రశ్నలమ్మ తలెత్తింది. తల్లి ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తోంది. ఒళ్ళో అట్టలు, చేతులకు జిగురు, ఎదురుగా కూతురు, కూతురి చుట్టూ మూటలు. "రాసుకో. చెయ్యలేదు. నిన్నా చెయ్యలేదు, మొన్నా చెయ్యలేదు. తర్వాతది అడుగు."

"ఏ రకం పని..."

"ఏ పనీ లేదు."

"బడికి..."

"వెళ్తోంది. రోజూ వెళ్తోంది." కూతురి వైపు ఒక్కసారి చూసింది. "బాగా చదువుతోంది కూడా. అదీ రాసుకో."

ప్రశ్నలమ్మ వేలు సున్నా మీద పెట్టింది. పనిచేసే పిల్లని ఎదురుగా పెట్టుకుని సున్నా నొక్కడం ఈ రెండేళ్ళలో ఇదే మొదలు. నొక్కింది. తర్వాతదీ నొక్కింది. ఒక్క ఇంటితో వాళ్ళ తేడా ఏమీ తరిగిపోదని ఆమెకు తెలుసు. తల్లికి తెలియకపోవచ్చు, తెలిసినా ఇదే చెప్పేదేమో.

పరిశీలకుడు ముందుకు వంగి తెర చూశాడు. "సున్నానా? ఆవిడ పొరపాటు పడినట్టున్నారు. పాప పని చేయడం మనం చూస్తూనే ఉన్నాం కదా. మరొక్కసారి అడగండి," అన్నాడు మర్యాదగానే.

అతని భాష తల్లికి రాదు గానీ సంగతి అర్థమైంది. "మళ్ళీ అడగమంటున్నాడా? వందసార్లు అడగమను. నా పిల్లని పక్కన పెట్టి ఇంకొకరి పిల్లలు బాగుపడ్డారని చూపించుకోనివ్వను. ఆ పిల్లలు బాగుండాలి, నాకేం ఏడుపు లేదు. నా పిల్లని మాత్రం మీ లెక్కలో కలపొద్దు."

"ఏమంటున్నారు?"

ఆమె చెప్పింది. ఈసారీ ఒక్క ముక్క పోనివ్వలేదు. చెప్పి, ట్యాబ్ ఒళ్ళో బోర్లా పెట్టింది.

"అడిగాను సార్, జవాబు చెప్పారు. మళ్ళీ అడగను."

గొంతు ఆమెది ఆమెకే కొత్తగా వినిపించింది. ఈ ఇంటికి తనకొచ్చే డబ్బు పోతుందని తెలుసు, ఉద్యోగమే పోవచ్చనీ తెలుసు. అయినా ట్యాబ్ తిరగెయ్యలేదు. పరిశీలకుడు తన కాగితాల వంక చూసుకున్నాడు.

పిల్ల అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. తను పని చెయ్యదని అమ్మ అంత గట్టిగా చెప్పడం ఎప్పుడూ వినలేదది. కుంచె గాల్లోనే ఉంది. దాని చివర్నించి జిగురు సాగి నేలమీద పడుతోంది.

"అయితే ఈ మూట ఎవరు చేస్తారమ్మా?" అంది.