నొక్కని మీట

నేను పుట్టింది ఒక చట్టం కోసం. బొటనవేలంత ఎర్రటి మీటను. నా నెత్తిమీద తెల్లటి అక్షరాలతో ‘అనుమతి’ అని ఉంటుంది. తీరానికి కాపలా కాయడానికి మనిషి లేకుండా తిరిగే ఒక మరపడవను తయారుచేశారు. సముద్రంలో కనిపించింది శత్రువు పడవో కాదో అదే తేల్చుకుంటుంది, తుపాకీ అదే గురిపెడుతుంది. ఈ సంగతి విని పార్లమెంటు సభ్యులకు బెంగ పుట్టింది. మనిషి ఒప్పుకోనిదే ఏ ఆయుధమూ కాల్చకూడదని చట్టం చేశారు. ఆ ఒప్పుకోలు కోసం నన్ను చేయించి, ఒడ్డునున్న గదిలో తెర ముందు బల్లకు బిగించారు.

మనుషులు చిత్రమైనవాళ్లు. చంపే పని యంత్రానికి అప్పగించి, పాపం మాత్రం ఒక వేలికొసన మిగుల్చుకుంటారు. అయినా నాకు గర్వంగానే ఉండేది.

నా దగ్గర కూర్చునే నావికుడు దేవసహాయం. గురి దొరకగానే యంత్రం కూత వేస్తుంది. అతను తెరమీద చూసి నన్ను నొక్కుతాడు. దూరాన నీళ్లలో పరీక్ష కోసం నిలిపిన ఖాళీ పడవ ముక్కలవుతుంది. ఒకరోజు అలా నిలిపిన పడవ మీద పాత వలలు వేలాడుతున్నాయి. అచ్చం చేపలవాళ్ల పడవలా ఉంది. దేవసహాయం వేలు నా మీద ఆనించి కూడా నొక్కలేదు, వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి పడవ పేలిపోయింది.

అతను నావంక అనుమానంగా చూశాడు. నేను కదల్లేదు, ఒట్టు.

“నేను నొక్కలేదు సార్,” అన్నాడు వెనకే ఉన్న పరాంకుశంతో. ఆ యంత్రాన్ని చేసిన సంస్థలో పెద్ద ఇంజనీరు ఆయన.

“కంగారుపడకు. నువ్వు తటపటాయిస్తుంటే శత్రువు ఆగుతాడా? ఆలస్యమైతే నీ తరఫున అదే ఒప్పేసుకుంటుంది. మీట ఉండాలన్నారు, పెట్టాం.”

“మరి నేను వద్దనుకుంటే?”

“వద్దనడానికి వాళ్లు మీట అడగలేదుగా!”

ఆ తరువాత దేవసహాయం నన్ను ముట్టుకోవడానికే జంకేవాడు. నాకూ నామీద అనుమానం పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆ పడవలు పేలింది నావల్లనా, లేక నాతో పనిలేకుండానా?

కొన్నాళ్లకు చట్టం అమలు చూడటానికి పార్లమెంటు సభ్యుల సంఘం వచ్చింది. వారిలో మైలపల్లి నూకరత్నం ఒకరు. శ్రీకాకుళం తీరంలో జాలరి కుటుంబంలో పుట్టి, అక్కడినుంచే గెలిచింది. దేవసహాయం నన్ను నొక్కాడు, పడవ పేలింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు.

“ఇంకోపాలి ఆడించండి బాబూ. ఈపాలి నొక్కొద్దు.”

పరాంకుశం నవ్వాడు. “నొక్కకపోతే ఏమీ జరగదమ్మా. అందులో చూడ్డానికేముంది?”

“ఏటీ జరగదా? అదే సూద్దుం.”

సంఘం అధ్యక్షుడు లేచాడు. “భోజనాల వేళైంది నూకరత్నంగారూ. ఆయన చెబుతున్నారుగా.”

“సెప్పింది ఇనడానికైతే ఢిల్లీలోనే ఇందుం. మావోళ్లు ఏటకెల్లేది ఈ సముద్రం మీదకే. సూసే ఎల్తాను.” దేవసహాయం వైపు తిరిగింది. “లెగు బాబూ. ఇలగొచ్చి నా పక్కన నిలబడు.”

దేవసహాయం పరాంకుశం ముఖంలోకి చూశాడు. ఉద్యోగం పోతుందన్న భయం అతని కళ్లలో కనబడుతూనే ఉంది. అయినా లేచి, ఆమె పక్కకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పరాంకుశం బల్ల వైపు ఒక అడుగు వేశాడు.

“నువ్వూ ఇటే రా బాబూ,” అంది నూకరత్నం.

కుర్చీ ఖాళీగా ఉంది. నా దరిదాపుల్లో ఎవరూ లేరు. యంత్రం కూత వేసింది. తెరమీద పడవ అలల మీద మెల్లగా ఊగుతోంది. ఉన్నట్టుండి తెరంతా తెల్లబడింది, కిటికీ అద్దాలు అదిరాయి.

“ఇప్పుడు ఒప్పుకున్నోడెవులు?” అంది నూకరత్నం.

అధ్యక్షుడు మళ్లీ కూర్చున్నాడు.

మరపడవను తీరంలో దించడానికి సంఘం ఒప్పుకోలేదు. మీట ఉంటే చాలదు, నొక్కనిదే కాల్చకూడదని చట్టంలో మాట మార్పించింది. దేవసహాయాన్ని అక్కణ్ణుంచి తప్పించబోతే నూకరత్నం అడ్డుపడి ఆపించింది. పరాంకుశం మనుషులు బల్ల విప్పి, ఏవో మార్చి, మళ్లీ బిగించారు.

సంఘం మళ్లీ వచ్చింది. దేవసహాయం లేచి పక్కన నిలబడ్డాడు. యంత్రం కూసి కూసి ఊరుకుంది. పడవ నీళ్లమీద క్షేమంగా ఉంది. అందరి ముఖాలూ తేటపడ్డాయి.

“ఇక నమ్మకం కుదిరిందా అమ్మా?” అన్నాడు పరాంకుశం.

నూకరత్నం వంగి నన్ను పరీక్షగా చూసింది. “మేం సూస్తన్నామని ఊరుకుందేమో బాబూ. ఈపాలి సెప్పకుండా వత్తాం.”

నాకు ఆమెమీద కోపం రాలేదు. నా కింద మొదలయ్యే తీగ ఒక కొసే నాకు తెలుసు. రెండోది బల్ల లోపలి చీకట్లో ఎక్కడికి పోతుందో నేనూ ఎరగను.

ఆమె ఇంకా రాలేదు. పరాంకుశం మాత్రం బయట కారు చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరికి పరిగెడుతున్నాడు. అంతా సరిగ్గానే ఉంటే ఆయనకెందుకు అంత కంగారు?