తొట్టిలో బుడగ

ట్యూబులో గాలి నింపి, తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ ఎక్కడ బుడగ లేస్తుందా అని వంగి చూస్తున్నాడు అతను. తొట్టిలో నీళ్లు ఎప్పటిలాగే నల్లగా ఉన్నాయి. ట్యూబు అంతా ఒక చుట్టు తిరిగింది, బుడగ లేదు. ఇంకో చుట్టు తిప్పాడు. అప్పటికీ లేదు.

"తమ్ముడూ," అన్నాడు సైకిలు తెచ్చిన పాల ముసలాయన, పక్కన నిలబడి ఓపిగ్గా చూసి చూసి. "పంచరు ముందు చక్రానికి. నువ్వు విప్పింది వెనకది."

అతను సైకిలు వంక చూశాడు. ముందు చక్రం నేలకి అతుక్కుపోయి ఉంది. గుడ్డివాడికైనా తెలిసే సంగతి. "అవును సుమా," అని గొణిగి, మంచి ట్యూబును తుడిచి మళ్లీ వెనక చక్రానికి ఎక్కించడం మొదలుపెట్టాడు. ముసలాయన నవ్వి, పాలు పోయాల్సిన ఇళ్లు దగ్గరే ఉన్నాయి, నడిచి పోసి వస్తాను, ఈలోగా ముందుది చూడమని చెప్పి, క్యాన్లు దింపుకుని వెళ్లాడు.

అతనికి ఇలాంటి పొరపాటు ఎప్పుడూ జరగలేదు. గడ్డం మొలవకముందే టైర్లు విప్పడం నేర్చుకున్నవాడు. కానీ ఇవాళ మనిషి ఇక్కడ ఉన్నాడే గానీ, మనసు ఆసుపత్రిలో రక్తపరీక్షల గది ముందు బెంచీ మీద కూర్చుని ఉంది.

కూతురికి రక్తంలో క్యాన్సరని తెలిసినప్పుడు దానికి ఇంకా ఏ చెప్పు ఏ కాలిదో తెలియదు, కుడిది ఎడమకి వేసుకునేది. ఇప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి. ఈ రెంటి మధ్య కాలమంతా సూదులు, జ్వరాలు, వాంతులు, ఊడిన జుట్టు, మళ్లీ మొలిచిన జుట్టు. కిందటి నెలతో మందులన్నీ ఆపేశారు. మందుల ఆసరా లేకుండా ఆ ఒంట్లో రక్తం తన కాళ్ల మీద తను నిలబడుతుందో లేదో ఇవాళ్టి పరీక్షలో తేలుతుంది.

తనూ వస్తానని పొద్దున చొక్కా వేసుకుంటే భార్య ఆపేసింది. "నువ్వొస్తే డాక్టరమ్మని వంద ప్రశ్నలు అడుగుతావు. నీ మొహం చూసి పిల్ల బెదురుతుంది. పోయి కొట్టు తెరువు."

"ఫోనన్నా చెయ్యి."

"చెయ్యను. మంచైనా చెడ్డైనా ఎదురుగా వచ్చి చెప్తా."

ఎందుకలా అందో అతనికి తెలుసు. మొదటిసారి కబురు ఫోన్లోనే వచ్చింది. అప్పుడతను ఒక లారీ టైరు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడటానికి చాలాసేపు పట్టింది.

వెనక చక్రం బిగించి, కొట్టు వెనకాల కుళాయి దగ్గరికి వెళ్లాడు. కుళాయి పక్క గోడ మీద బట్టలుతికే బ్రష్షు ఒకటి ఉంటుంది. దాన్ని తీసి, సబ్బు రాసి, గోళ్ల సందులూ వేళ్ల గణుపులూ మోచేతుల దాకా తోమడం మొదలుపెట్టాడు.

పక్కది వెల్డింగు కొట్టు. ఆ కొట్టాయన, వావీ వరసా ఏమీ లేకపోయినా, ఇతన్ని బావా అంటాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "పెళ్లిచూపులకి గానీ వెళ్తున్నావా బావా? పొద్దున్నించీ అదే తోముడు," అన్నాడు.

"గోళ్లలో ఉంది."

"గోళ్లలో ఏం లేదు. ఇంకాస్త తోమితే ఎముకలు కనిపిస్తాయి."

అతను ఇంకాస్త సబ్బు రాసుకున్నాడు. ఈ తోముడికి ఒక కథ ఉంది. వైద్యం మొదలైన రోజుల్లో డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి, ఈ మందులు చెడు కణాలతో పాటు మంచివాటినీ చంపుతాయి, చిన్న క్రిమిని కూడా తట్టుకునే శక్తి పిల్లకి ఉండదు, ముట్టుకునేవాళ్ల చేతులు శుభ్రంగా ఉండాలి అని చెప్పింది. అందరికీ కలిపే చెప్పింది. అతనికి మాత్రం తన చేతుల వంకే చూసి చెప్పినట్టు అనిపించింది. అవి పుట్టాక తెల్లగా ఉన్న రోజులు తక్కువ. ఆ సాయంత్రమే వాటిని కిరసనాయిలుతో కడిగి, మసి మొత్తం వదిలిందని సంబరపడుతూ వార్డుకి వెళ్తే, నర్సు ముక్కు మూసుకుని, "ఏమయ్యా, పిల్లని చూడ్డానికి వచ్చావా, ఆసుపత్రికి నిప్పు పెట్టడానికి వచ్చావా?" అని బయటికి పంపేసింది. అప్పటినుంచీ ఈ బ్రష్షు. తోమగా తోమగా చర్మం పగిలి, పాలిపోయి, అవి ఎవరివో చేతుల్లా తయారయ్యాయి.

ఒక మధ్యాహ్నం పిల్ల జ్వరంతో మగతగా పడుకుని ఉంటే నుదుటి మీద చెయ్యి వేశాడు. కళ్లు తెరవకుండానే వాసన చూసి, ఆ చేతిని తోసేసింది. "నువ్వు నాన్నవి కాదు. సబ్బు నర్సువి," అంది. జ్వరంలో అన్న మాటే. పట్టించుకోవాల్సింది కాదు. అయినా అది అతని లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

ముందు చక్రం విప్పి, ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి తొట్టిలో వేసేసరికి, వీధి మలుపులో భార్య కనిపించింది. పక్కనే పిల్ల, నోటికి గుడ్డ కట్టుకుని, తల్లి చెయ్యి పట్టుకుని గెంతుతూ వస్తోంది. అతను భార్య మొహంలోకి చూశాడు. ఎండకి కందిపోయిన మొహం, అంతకు మించి ఏమీ తెలియలేదు. ఆమె వచ్చి స్టూలు మీద కూలబడి, చెప్పులు విప్పి, "ముందు కాసిన్ని మంచినీళ్లివ్వు," అంది.

ఇచ్చాడు. సీసా సగం తాగేదాకా నిలబడ్డాడు.

"ఏమంది?"

"ఏమంటుంది. రక్తం బాగుందంట. మందుల్లేకుండా దాని పని అది చేసుకుంటోందంట. అప్పుడప్పుడూ తీసుకొచ్చి చూపించమంది, అంతే."

"సరిగ్గా విన్నావా?"

"నాకేం చెవుడా? రెండోసారి కూడా చెప్పించుకున్నా. నీ వంతు ప్రశ్నలు కూడా నేనే వేశా. బడికి పంపచ్చా, మట్టిలో ఆడచ్చా, పక్కింటి పిల్లలతో తిరగచ్చా అని. డాక్టరమ్మే విసుక్కుంది. అందరు పిల్లల్లాగే పెంచు తల్లీ, ఇంక నన్నొదిలెయ్ అంది."

చెబుతూ చెబుతూనే ఆమె సీసా అరచేతిలోకి వంచింది. మిగిలిన నీళ్లు మొహాన కొట్టుకుంది. అతను కొట్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. 

"నాన్నా, బుడగ."

ఇద్దరూ తిరిగి చూశారు. పిల్ల తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉంది. నోటి గుడ్డ మెడలోకి జారిపోయింది. రెండు చేతులూ మోచేతుల దాకా ఆ నల్లటి నీళ్లలో ఉన్నాయి.

అతను ఒక్క అంగలో దాని మీదికి వెళ్లాడు. ఏ నీళ్లకి భయపడి పిల్లని ఇన్నాళ్లూ కొట్టు గడప తొక్కనివ్వలేదో ఆ నీళ్లు. రెక్క పట్టి లాగబోయాడు.

"ఉండనీ," అంది భార్య వెనకనుంచి.

చెయ్యి గాల్లోనే ఆగింది. జబ్బు రాకముందు పిల్ల ఇక్కడే టైర్ల దొంతర మీద కూర్చునేది. బుడగలు కనిపెట్టడం దాని ఉద్యోగం. వెల్డింగు ఆయన దానికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టాడు. ఆ సంగతి ఇంకా జ్ఞాపకం ఉందన్నమాట.

"ఏదీ, ఎక్కడ?" అని పక్కన కూర్చున్నాడు.

"ఇదిగో. నొక్కిపట్టా. నువ్వు చూసేలోపు పారిపోతుందని."

చిన్న బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. పిల్ల వేలు వెచ్చగా ఉంది, జ్వరపు వెచ్చదనం కాదు, మామూలు వెచ్చదనం.

"ఇన్‌స్పెక్టరుగారు డ్యూటీలో చేరారే," అన్నాడు పక్క కొట్టాయన. "ఇంక మీ నాన్న వెనక చక్రాలు విప్పడులే అమ్మా."

పిల్ల నవ్వింది. ముందరి పన్ను లేని సందులోంచి గాలి పోయింది. అతను ట్యూబు తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు రాసి, అతుకు వేసి నొక్కాడు. పిల్ల అతని చెయ్యి లాక్కుని వాసన చూసింది. రబ్బరు, జిగురు.  ఈసారి తోసెయ్యలేదు, ఆ చెయ్యి వదల్లేదు. అతను రెండో చేత్తోనే చక్రం బిగించాడు.

ముసలాయన తిరిగొచ్చి సైకిలు తీసుకెళ్లాక, ఎండ ఉండగానే సామాన్లు లోపల పెట్టాడు. కుళాయి తిప్పి, అలవాటుగా బ్రష్షు అందుకున్నాడు. పిల్ల తన చేతులు కూడా పక్కనే చాపింది. "నాకూ."

బ్రష్షు కుచ్చుల వంక చూశాడు, పిల్ల అరచేతుల వంక చూశాడు. బ్రష్షు గోడ మీద పెట్టేసి, సబ్బు నురగ చేసి, తన చేతుల్లో దాని చేతులు వేసుకుని రుద్దాడు. గీతల్లో నలుపు మిగిలిపోయింది.

"ఇంకా ఉంది నాన్నా."

"ఉండనీలే."

తలుపు దించి తాళం వేశాడు. పిల్లని తన సైకిలు ముందు కూర్చోబెట్టుకున్నాడు, భార్య వెనక ఎక్కింది. ముగ్గురి బరువుకీ సైకిలు ఒకసారి మూలిగి, మెల్లగా మలుపు తిరిగింది. కుళాయి పక్క గోడ మీద, కుచ్చులన్నీ ఒక పక్కకి వాలిపోయిన ఆ బ్రష్షు ఈసారి తడవకుండా ఉండిపోయింది.