జగపతి సారు మాట మారింది

మా అవ్వ భూలక్ష్మికి పనిచేసే కన్ను ఒక్కటే. ఎడమది పదేళ్ల కిందటే పోయింది. కుడిదానికి ఈ మధ్య మహబూబాబాద్‌లో ఆపరేషన్ చేయించాం. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ముప్పై రోజులు మిర్చి చేను వైపు పోనివ్వకు. ఆ ఘాటు, దుమ్ము తగిలాయంటే ఈ కన్ను కూడా దక్కదు" అంది.

మిర్చి ఏరడం అవ్వకు పని కాదు, పేరంటం. డోర్నకల్‌లో పొద్దున ఎనిమిది కాగానే పరశురాములు ఆటో మా గుమ్మం ముందు హారన్ కొడుతుంది. ముగ్గురు పట్టే ఆ ఆటోలో పదిహేడు మంది ఆడవాళ్లు, పదిహేడు సద్దిగిన్నెలు, మూడు మండలాల సమాచారం ఎక్కుతాయి. అవన్నీ వదులుకుని గోడను చూస్తూ కూర్చోవడం అవ్వ వల్ల కాలేదు. రెండో రోజే నల్లద్దాలు పెట్టుకుని ఆటోలో ఒక కాలు పెట్టేసింది. నేను రెండో కాలు పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాను. అమ్మానాన్నలు పనికి పోతారు. కాలేజీకి సెలవులు కాబట్టి కాపలా నాది.

ముప్పై రోజులూ కాలు పట్టుకుని లాగలేను గనుక టీవీలో ఇంగ్లండ్ డిటెక్టివ్ సీరియల్ ఒకటి పెట్టాను. అందులో ఒక పల్లె. మొత్తం జనాభా మా వీధంత. వారానికి ఇద్దరు హత్యకు గురవుతారు, అయినా ఎవరూ ఊరు వదిలి పోరు. శవం పక్కనే నిలబడి చాయ్ తాగి కేకు తింటారు. లావుపాటి ఇన్‌స్పెక్టర్ ఒకడు, చాయ్‌కీ చాయ్‌కీ మధ్య ఖాళీ దొరికితే హంతకుణ్ని పట్టుకుంటాడు.

సీరియల్ మొత్తం ఇంగ్లీషులో ఉంది. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు నేను మూడుసార్లు రాశాను, చివరికి వాళ్లే విసుగొచ్చి పాస్ చేశారు. అవ్వకేమో తెర ఇంకా మసకగానే కనిపిస్తోంది. ఆ మసకను నమ్ముకుని సౌండు తీసేశాను. కథ నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఇన్‌స్పెక్టర్‌కు జగపతి సారు అని, ఆయన కింద పనిచేసే పోలీసమ్మాయికి నిర్మల అని పేర్లు పెట్టాను.

"ఏందమ్మా నిర్మలా, గీన ఎట్ల సచ్చిండు?"

"ఎవలో సంపిన్రు సారు."

"గట్లనా. జర చాయ్ పెట్టుమను. తాగినంక దొరకబడుదం."

బయట హారన్ మోగింది. అవ్వ కదల్లేదు. కూర్చున్నచోటి నుంచే, "నువ్వు పో పరశురాములూ! జగపతి సారు చాయ్ తాగుతుండు!" అని అరిచింది. అవ్వ గొంతుకు స్టేషన్‌లో గూడ్స్ బండి ఆగిపోయిందని కొందరు అంటారు. నేను చూడలేదు.

పది రోజులు గడిచేసరికి పరశురాములు ఆటో ఆపి, "ఎవడు సంపిండట?" అని అడిగి మరీ పోతున్నాడు. పదిహేడు మందీ మిర్చి ఏరుతూ వాదించుకుని, సాయంత్రం వచ్చి అవ్వకు తీర్పు చెబుతున్నారు.

చిక్కల్లా ఒక్కటే. కన్ను నయమవుతోంది.

"గామె ఏడుస్తుంటె నవ్వుతుంది అంటవేందే పోరీ?"

"సంతోషమెక్కువైంది అవ్వా."

పందొమ్మిదో రోజుకు నా గొంతు పూర్తిగా పోయింది. వీధికుక్కలు నన్ను చూసి మొరగడం మానేశాయి, జాలితో. సరిగ్గా అప్పుడే కొత్త భాగాలకు తెలుగు మాటలు వచ్చాయి. నేను దేవుడికి దండం పెట్టి సౌండు పెంచాను.

"ఏవండీ, నిన్న సాయంత్రం మీరెక్కడున్నారో కాస్త చెబుతారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అవ్వ నల్లద్దాలు పైకెత్తింది. "గీనెవలే? జగపతి సారు గొంతుకేమైంది?"

"విజయవాడ దిక్కు బదిలీ అయిండు అవ్వా. మాట మారింది."

"బదిలీ అయితె గొంతు గూడ మారుతదా?" అంటూనే చూసింది. బంగళా దొరసాని మొగుడు చచ్చిపోయాడు. తోటమాలి కత్తెరకు నెత్తురుంది. తోటమాలిని పిలిపించారు. అతను నోరు తెరిచాడు.

"నాకేం ఎర్కలే దొరా! నేను గిట్ల చెట్లకు నీళ్లు వోస్తున్న!"

వెనకాల కామెడీ సంగీతం మొదలైంది. అవ్వ నిటారుగా కూర్చుంది.

"గీడు మనోడు!"

"అవునవ్వా."

"మనోడు మాట్లాడితె డప్పులెందుకు కొడుతున్రే?"

నేను సమాధానం చెప్పేలోపే తోటమాలి చేతులకు బేడీలు పడ్డాయి. అవ్వ లేచి నిలబడింది. "ఊరంత కలిపి మాటలొచ్చినోడు ఒక్కడుంటె, గాడే దొంగనా? బంజెయ్యే నీ టీవీ! నా సద్దిగిన్నె ఏది?"

బయట హారన్. అవ్వ గడప దాకా వెళ్లింది. అక్కడి నుంచి ఆటో నాలుగడుగులు, చేను ఆరు కిలోమీటర్లు, కన్ను ఒక్కటి. నేను పరుగెత్తి సౌండు తీసేశాను.

"ఆగు అవ్వా! ఇడిచిపెట్టిన్రు! గవి బేడీలు గావు, గడియారం పెడుతున్రు. బహుమానం!"

అవ్వ గడప మీదే తిరిగి చూసింది.

"రెండు చేతులకు ఒక్కటే గడియారమా?"

ఆపరేషన్ ఎంత బాగా కుదిరిందో నాకు అప్పుడే తెలిసింది.

తెర మీద తోటమాలి ఏదో మొత్తుకుంటున్నాడు. మాట వినిపించడం లేదు.

"గాడేమంటుండు?"

"తెల్వదు అవ్వా. సౌండు లేకుంటె నాకేం సమజ్ గాదు, ఇంగ్లీషైతె అసలే రాదు. గిన్ని దినాలు నేను చెప్పిందంత ఉత్తదే." ఇరవై ఏళ్ల జీవితంలో ఇది నా రెండో నిజం. మొదటిది నా పుట్టినతేదీ. "చేనుకు మాత్రం పోకే. కన్ను పోతదే."

అవ్వ నన్ను చూసింది. తెరను చూసింది. మెల్లగా వచ్చి మంచం మీద కూర్చుంది.

"నీకు తెల్వకపోతె నేను చెప్త. జరుగు."

గొంతు సవరించుకుంది. "సారూ! కత్తెర నాదే. కత్తెర నాదైతె కోసింది నేనేనా? మీ ఇంట్ల కత్తిపీట లేదా? గా కత్తిపీట చూసి మీ ఆడామెను దొంగంటరా ఎవలన్న?"

ఇన్‌స్పెక్టర్ పెదవులు కదులుతున్నాయి. అవ్వ మోచేత్తో పొడిచింది. "మాట్లాడు. సారు నువ్వే."

పోయిన గొంతుతోనే అందుకున్నాను. "మరి దొరసాని నిన్నే చూసిన అంటుంది గదరా?"

"గామె ఏడ్సినప్పుడు కండ్లల్ల నీళ్లే లెవ్వు. నేను చూసిన!"

అనుమానంతో వెనక్కి తిప్పి చూశాను. నిజమే. దొరసాని రుమాలు పొడిగా ఉంది.

హారన్ ఆగిపోయింది. పరశురాములు కిటికీలోంచి తల పెట్టాడు, ఆయన భుజాల మీదుగా ఇంకో నాలుగు తలలు.

"ఏమైందవ్వా, ఇడిచిపెట్టిన్రా?"

"గప్పుడేనా? దొరసానిని అడిగేదుంది ఇంక. మీరు పోన్రి, చేనుకాడ ఎండైతది. నేనేడ వస్త, కేసు నా మీద వడ్డది." అవ్వ నావైపు తిరిగింది. "దొరసాని మాట నువ్వు చెప్పు పోరీ. ఏడుపు దొంగేడుపు ఉండాలె, కండ్లల్ల నీళ్లు రావద్దు."