తప్పిన మూడు మోతాదులు

పిల్లల ఆసుపత్రి మూడో అంతస్తులో కొత్త మందుల పరీక్షలకు వచ్చే కుటుంబాలు మొదట కలిసేది పెద్దక్కనే. ఇరవై రెండేళ్లుగా అదే వార్డులో నర్సు కావడంతో డాక్టర్లు కూడా ఆమెను అలాగే పిలిచేవారు. తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పి సంతకాలు తీసుకోవడం, వారం వారం పిల్లల్ని చూసి ప్రతిదీ రాసిపెట్టడం ఆమె పని.

ఆ ఏడాది మూత్రపిండాల జబ్బుకు ఒక కొత్త సిరప్ నలభై మంది పిల్లలకు ఇచ్చి చూస్తున్నారు. వాళ్లలో ఆరేళ్ల పాప ఒకతిని వార్డంతా పిచ్చుక అనేవారు. ఆ పిల్లకు నోరు మూతపడేది కాదు. సూది గుచ్చుతున్నా, గుచ్చే నర్సుకు పెళ్లయిందో లేదో కనుక్కునేది. తల్లి బట్టల కార్ఖానాలో కుట్టుమిషను మీద పని చేసేది. భర్త పోయాక ఆమెకు కూతురే లోకం. కళ్లు తెరవలేనంతగా మొహం ఉబ్బి వచ్చిన పిల్ల, మందు మొదలుపెట్టిన నెలకే లేచి పరుగులు తీసింది. తల్లి పెద్దక్క చేతులు పట్టుకుని ఏడ్చింది.

మూడో నెలలో ఆ తల్లే, పిల్ల పిలిస్తే పలకడం లేదని చెప్పింది. ఆటలో పడి వినిపించుకోవడం లేదని మొదట అనుకుందట. నిన్న వంటింట్లో గిన్నెలన్నీ జారిపడినా తిరిగి చూడలేదట. పెద్దక్క పిల్ల వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. పిచ్చుక తలెత్తకుండా బొమ్మకు రంగు వేసుకుంటూనే ఉంది.

రెండు చెవులూ సగానికి పైగా దెబ్బతిన్నాయని పరీక్షలో తేలింది. ఆ రోజే మందు ఆపారు. పెద్దక్క తల్లిని కూర్చోబెట్టి మొదటి నుంచీ అన్నీ అడిగింది. ఆమె తటపటాయించి, పిల్లకు వాంతులైనప్పుడు మూడు పూటలు మందు మానేశానని ఒప్పుకుంది.

"కోప్పడతారని ఎవరికీ చెప్పలేదక్కా. నువ్వు కాబట్టి చెబుతున్నా."

పెద్దక్క కోప్పడలేదు. ఉన్నది ఉన్నట్టు, తేదీలతో సహా రాసుకుంది.

మందు ఆపినా చెవులు తిరిగి రాలేదు. ఉన్న కాస్త వినికిడి కూడా పోయింది. ఇంకో నాలుగు నెలలకు మందు పరీక్షల నివేదిక చిత్తుప్రతి పెద్దక్క చేతికొచ్చింది. అందులో పిల్లలు ముప్పై తొమ్మిది మందే ఉన్నారు. తీవ్రమైన దుష్ప్రభావాలేవీ కనబడలేదని రాసి ఉంది.

ఆమె నేరుగా ఆ పరీక్షలు నడిపే పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. తొమ్మిదేళ్లు ఆ మందు మీదే పనిచేశాడు, ఎందరో పిల్లల ప్రాణాలు నిలబెట్టాడు. మూడు మోతాదులు తప్పిన పిల్లను లెక్కలోంచి తీసేయాలన్నది ముందే పెట్టుకున్న నియమమని శాంతంగా చెప్పాడు.

"ఆ సంగతి రాసింది మీరే కదా పెద్దక్కా."

"మందు పనిచేసిందా లేదా అన్న లెక్కలోంచి తీసేయండి సార్, కాదనను. చెవులు పోయిన లెక్కలోంచి ఎలా తీసేస్తారు? ఆ మూడు పూటలూ పోను నూట డెబ్బై పూటలు ఆ పిల్ల తాగింది మన మందే కదా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క పిల్ల కోసం ఇంతమంది నోటి దగ్గరి మందు లాగేయమంటారా?"

"లాగేయమనడం లేదు. ఒక్క వాక్యం రాయమంటున్నా."

"మందు ఆగిపోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు."

పెద్దక్క మందుల పరీక్షల మంచిచెడ్డలు చూసే సంఘానికి ఉత్తరం రాసింది. నియమం పాటించారనీ, మోతాదులు తప్పాయనడానికి నర్సు స్వదస్తూరీయే సాక్ష్యమనీ రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆ మర్నాడే ఆమెను కింది అంతస్తులో టీకాల గదికి మార్చారు. అనుభవమున్న మనిషి అక్కడ అవసరమట.

తల్లి వేరెవరి నోటో వినడం కంటే తను చెప్పడమే న్యాయమనిపించి ఆమె పిచ్చుక ఇంటికి వెళ్లింది. తల్లి అంతా విని అడిగింది.

"నేను మానేసిన పూటల వల్లే పోయాయా దాని చెవులు?"

"కాదు చెల్లీ. మందు వల్లే."

"మరి కాగితంలో ఏమని రాశారు?"

"కాగితంలో నీ కూతురే లేదు."

"నేను నీకు చెప్పకపోయుంటే, ఉండేదా?"

అబద్ధమాడదామని పెద్దక్క నోటి దాకా వచ్చింది. ఆడలేకపోయింది. "ఉండేది."

తల్లి లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకుంది. పెద్దక్క చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది.

మందు బజారులోకి వచ్చింది. పెద్ద డాక్టరుకు సన్మానాలు జరిగాయి. రెండేళ్లకు వేరే ఊళ్ల ఆసుపత్రుల్లో పదకొండు మంది పిల్లలకు చెవులు పోయాక, మందు పెట్టెలోని కాగితంలో వినికిడి గురించి ఒక హెచ్చరిక చేర్చారు. పిచ్చుక ఆ పదకొండులోనూ లేదు.

పెద్దక్క ఆ కాగితం పట్టుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. తలుపుకు తాళం వేసి ఉంది. పాపను చెవిటి పిల్లల బడిలో వేశారనీ, ఆ బడి దగ్గరికే ఇల్లు మారారనీ పక్కింటావిడ చెప్పింది. చిరునామా అడిగితే, తెలుసు గానీ ఇవ్వలేనంది. ఎవరికిచ్చినా ఆసుపత్రివాళ్లకు మాత్రం ఇవ్వొద్దని తల్లి ఒట్టు వేయించుకుని వెళ్లిందట.